పదకొండో తరగతికి సంస్కృతి, యువత, సామాజిక అస్తిత్వం: నిర్వచనాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లబల్ల అడిగిన ప్రశ్న

సీబీఎస్‌ఈ పదకొండో తరగతి సోషియాలజీ. వచ్చే వారం సంస్కృతి, సాంఘికీకరణ పాఠం మొదలుపెట్టాలి. క్లాసులో 36 మంది. 40 నిమిషాల పీరియడ్లు నాలుగు దొరుకుతాయి. పాఠంలో ఉన్న సంస్కృతితో పాటే యువత, సామాజిక అస్తిత్వం కూడా కలిపి చెబుదామని ఆలోచన. ఎలాగూ ప్రాజెక్టులకి పిల్లలు ఎంచుకునేవి ఆ రెండే.

ముందుగా పేర్లు లేని చీటీల మీద మూడింటికీ ఒక్కో వాక్యం రాయించాను. సంస్కృతి అంటే కూచిపూడి, సంక్రాంతి, పట్టుచీర. యువత అంటే 15 నుంచి 29 ఏళ్లవాళ్లు. అస్తిత్వం అంటే ‘నేను ఎవరు అనేది’. ఇవి తప్పని కొట్టెయ్యలేం. కానీ వీటిని పట్టుకుని ఆరు మార్కుల ప్రశ్నకి రెండో పేరా రాయలేరు.

మూడు సందేహాలు. నిర్వచనం ముందే బోర్డు మీద రాయాలా, చివర్లో రాయాలా? ఎవరి నిర్వచనం ఈ వయసుకి సరిపోతుంది? అస్తిత్వం అనగానే కులం, మతం మాట వస్తుంది, అప్పుడు క్లాసులో ఎవరికీ ఇబ్బంది లేకుండా ఎలా నడపాలి?

జేఎల్_సోషియాలజీ

మేడమ్, సంస్కృతి వరకు నిర్వచనం ముందే ఇచ్చేయండి. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1871లో ఇచ్చిందే చాలు: జ్ఞానం, విశ్వాసాలు, కళ, నీతి, చట్టం, ఆచారం, ఇంకా సమాజంలో సభ్యుడిగా మనిషి సంపాదించుకున్న సామర్థ్యాలు, అలవాట్లు అన్నీ కలిసిన సమగ్ర రూపం. పిల్లలు ఆ జాబితాను బట్టీపడతారు. అసలు పట్టు జాబితాలో లేదు, ‘సమాజంలో సభ్యుడిగా’, ‘సంపాదించుకున్న’ అన్న రెండు చోట్ల ఉంది. ఆ రెండింటి కిందా గీత గీయండి. క్రోబర్, క్లుక్‌హోన్ అనే మానవశాస్త్రవేత్తలు 1952లో సంస్కృతి నిర్వచనాలు పోగేస్తే నూట అరవై దాటాయి. అన్నీ చెప్పాలని చూస్తే పీరియడ్ అక్కడే అయిపోతుంది.

నిర్వచనం రాయగానే అది దేన్ని బయట పెడుతుందో అడగాలి. తుమ్ము తీసుకోండి. తుమ్ము రావడం శరీర ధర్మం, సంస్కృతి కాదు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే గడప దగ్గర ఆగి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లడం సంస్కృతి. చంటిపిల్ల తుమ్మితే ‘చిరంజీవ’ అనడం సంస్కృతి. పుట్టుకతో ఎవరికీ రాదు, పక్కవాళ్లను చూసి నేర్చుకున్నదే. ఈ ఒక్క ఉదాహరణ ఐదు నిమిషాలు నడిపితే ‘సంపాదించుకున్న’ అన్న మాట మళ్లీ వివరించక్కర్లేదు.

తర్వాత పాఠంలోని మూడు పార్శ్వాలు: జ్ఞానాత్మకం (ఏం తెలుసు, ఏం నమ్ముతాం), నియమాత్మకం (ఎలా నడుచుకోవాలి), భౌతికం (వస్తువులు). బోర్డు మీద మూడు గళ్లు గీసి, మన పెళ్లి ఒక్కటే తీసుకుని నింపించండి. భౌతికం గడి రెండు నిమిషాల్లో నిండిపోతుంది: జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు, మధుపర్కాలు, బాసికాలు. జ్ఞానాత్మకంలో ముహూర్తం, గోత్రం, జాతకం కలవడం, ‘కన్యను దానం చేయడం’ అనే భావన. నియమాత్మకం దగ్గరే క్లాసు ఆగిపోతుంది, ఎందుకంటే నియమం కంటికి కనబడదు, తప్పినప్పుడే తెలుస్తుంది. అందుకని ‘ఏం చేస్తే పెళ్లిలో గొడవ అవుతుంది?’ అని అడగండి. అప్పుడు వరస పెడతారు. పెళ్లివారికి ఎదురు వెళ్లకపోతే, చదివింపులు చదివించకపోతే, భర్త పోయిన తల్లి పీటల మీద కూర్చుంటే.

ఇక్కడే సమాజశాస్త్రవేత్త సమ్నర్ 1906లో లోకరీతికీ నైతిక నియమానికీ మధ్య చేసిన తేడా కుదురుతుంది. చదివింపులు మానేస్తే నాలుగు రోజులు చెప్పుకుంటారు, అంతే. అది లోకరీతి. ఒకే గోత్రంలో పెళ్లి అంటే ఇల్లు ఇల్లంతా లేస్తుంది. అది నైతిక నియమం. ఎదురుదెబ్బ ఎంత గట్టిగా వస్తుందన్నదే కొలత.

నియమానికీ చట్టానికీ తేడా కూడా పెళ్లి నుంచే వస్తుంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరం. ఆచారం దాన్ని లాంఛనాలంటూ నడిపిస్తుంది. సగోత్ర వివాహాన్ని ఆచారం ఒప్పుకోదు, 1955 హిందూ వివాహ చట్టం అడ్డుచెప్పదు. మేనమామతో పెళ్లి అదే చట్టంలో నిషిద్ధ సంబంధాల కిందికి వస్తుంది, కానీ ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది కాబట్టి తెలుగువాళ్లలో చెల్లుతోంది. చట్టం వద్దని ఆచారం ఔనన్నది ఒకటి, ఆచారం వద్దని చట్టం ఊరుకున్నది ఒకటి, చట్టమే ఆచారం మాట విన్నది ఒకటి. ఆరు మార్కుల జవాబుకి రెండో పేరా ఇదే.

పీర్లకొట్టం

పైన చెప్పింది మంచిగనే ఉంది, ఒక్క సవరణ. బోర్డు మీద ఒక్క హిందూ పెళ్లే పెడితే క్లాసులో ముస్లిం, క్రైస్తవ పిల్లలు ప్రేక్షకులైపోతరు. పైగా ‘సంస్కృతి అంటే మతం’ అనే అభిప్రాయం ఇంకింత గట్టిపడ్తది. చీటీల మీద కూచిపూడి, సంక్రాంతి రాసింది కూడా అందుకే.

గళ్లు మూడూ ఉంచి, అడ్డంగా ఇంకో రెండు వరసలు పెట్టండి: నికా, చర్చి పెళ్లి. నికాలో మెహర్ (పెళ్లికూతురికి ఇయ్యాల్సిన సొమ్ము) ఎక్కడ పడ్తదో అడగండి. డబ్బు కదా అని భౌతికంలో వేస్తరు. అది పెళ్లికొడుకు ఇయ్యాల్సిన బాధ్యత కాబట్టి నియమాత్మకంలో కూడా పడ్తది. ఒక వస్తువు రెండు గళ్లల్ల పడొచ్చు అని అప్పుడే తెలుస్తది. తెలుగు క్రైస్తవ పెళ్లిళ్లల్ల చాలాచోట్ల మంగళసూత్రం కడ్తరు. అది మతానిదా, ప్రాంతానిదా? పిల్లలనే తేల్చుకోనియ్యండి.

తెలంగాణ స్కూలైతే పీర్ల పండుగ వదలొద్దు. మొహర్రం పదిరోజులు ఊళ్లె పీర్లను ఎత్తుకునేటోళ్లల్ల, అలావా నిప్పుల గుండం చుట్టు ఆడేటోళ్లల్ల హిందువులే ఎక్కువుండే ఊళ్లు ఎన్నో. నెల్లూరు దిక్కు పిల్లలకు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ చెప్పొచ్చు. ఇంకో సంగతి, మెహందీ, సంగీత్, హల్దీ మన పెళ్లిళ్లల్లకు ఎప్పుడొచ్చినయో ఇంట్ల నాయనమ్మను అడిగి రమ్మనండి. సంస్కృతి మారకుండ ఉంటదనేటోళ్లకు అది చాలు.

మూడోబెంచీ

యువత దగ్గర మాత్రం నిర్వచనం ముందు రాయొద్దని నా అభిప్రాయం. ముందు రాస్తే ‘15-29’ దగ్గరే ఆగిపోతారు. ఆ అంకెకి వాళ్ల దృష్టిలో చట్టానికున్నంత విలువ. నిజానికది 2014 జాతీయ యువజన విధానం పెట్టుకున్న హద్దు. అంతకుముందు 2003 విధానంలో 13 నుంచి 35. ఐక్యరాజ్యసమితి గణాంకాలకి 15 నుంచి 24. ఆఫ్రికా యువజన చార్టర్‌లో 15 నుంచి 35. పథకాలకీ లెక్కలకీ హద్దు కావాలి కాబట్టి పెట్టుకున్నారు. సమాజం ఎవర్ని యువత అంటుందో ఆ అంకె చెప్పదు.

చట్టాల వయసులు ఒకదాని కింద ఒకటి రాయించండి, పది నిమిషాల పని. 14 లోపు పనిలో పెట్టుకోకూడదు, కుటుంబానికి చేసే పని, బాలనటులు వంటి మినహాయింపులు తప్ప. 14-18 మధ్య ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు (2016 సవరణ). 16 దాటినవాళ్లు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాళ్లలా విచారించే వీలు 2015 బాలల న్యాయ చట్టంలో ఉంది. 18కి ఓటు. ఇది 1989 దాకా 21. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21. పంచాయతీకి పోటీ చేయడానికి 21, అసెంబ్లీకి 25. ఒకే మనిషి ఒకే రోజు ఒక చట్టానికి పెద్ద, ఇంకో చట్టానికి చిన్న. అమ్మాయికీ అబ్బాయికీ పెళ్లి వయసులో మూడేళ్ల తేడా ఎందుకు పెట్టారని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అడక్కపోతే మీరే అడగండి.

తర్వాత అసలు కసరత్తు. ఆరు చీటీలు, ఆరుగురు ఉండే ఆరు జట్లు. ప్రతి జట్టుకీ ఆరు చీటీలూ ఇచ్చి, ‘వీళ్లని మీ వీధిలో యూత్ అంటారా?’ అన్న ఒక్క ప్రశ్నకి ఔను, కాదు, కారణం రాయమనండి. కారణం పది మాటలు మించకూడదు.

1. 17 ఏళ్లు, తాపీమేస్త్రి దగ్గర కూలి, ఇంటి ఖర్చు తనదే.
2. 19 ఏళ్లు, పెళ్లయింది, చంకలో పాప.
3. 33 ఏళ్లు, పెళ్లి కాలేదు, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాడు.
4. 41 ఏళ్లు, ఊరి యువజన సంఘం అధ్యక్షుడు, ఇద్దరు పిల్లలు.
5. 16 ఏళ్లు, ఇంటర్ ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ, ఆదివారం ఒక గంట ఫోన్.
6. 24 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పీజీ హాస్టల్, జీతంలో సగం ఇంటికి.

సాధారణంగా 3, 6 దగ్గర పేచీ ఉండదు. 2 దగ్గర చాలా జట్లు ‘కాదు’ రాస్తాయి. 4 దగ్గర నవ్వుతారు, కానీ ‘ఔను’ రాసే జట్టూ ఉంటుంది. కారణాలన్నీ బోర్డు మీద వేసి చూస్తే వయసు మూడో, నాలుగో స్థానానికి పోతుంది. ముందు వరసలో పెళ్లి, సంపాదన, ఇంటి బాధ్యత, తీరిక. అప్పుడు నిర్వచనం వాళ్ల చేతే కట్టించండి: బాల్యపు ఆధారానికీ పెద్దరికపు బాధ్యతలకీ మధ్య సమాజం కేటాయించిన స్థానం, దాని పొడవు వర్గాన్ని బట్టీ, ఆడా మగా అన్నదాన్ని బట్టీ మారుతుంది. చదువు ఎంత సాగితే యవ్వనం అంత సాగుతుంది. మేస్త్రి దగ్గర కూలికి పోయేవాళ్లకి అది దాదాపు లేనే లేదు.

ఆడ, మగ అని చెప్పకపోయినా ఒకటో చీటీని అబ్బాయిగానే చదువుకుంటారు. ‘యూత్’ అనగానే వినాయక చవితి మండపం దగ్గర చందా పుస్తకం పట్టుకున్న మగపిల్లలే కళ్ల ముందుకు వస్తారు. మండపం కమిటీలో అమ్మాయిల పేర్లు ఎన్నో లెక్కపెట్టి రమ్మనండి, ఇంటిపనిగా.

తరం అన్న మాట కూడా యువతతో కలిపేస్తారు. సమాజశాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లో చెప్పిందాని ప్రకారం ఒకే ఏడాది పుట్టడం చాలదు, ఎదిగే వయసులో ఒకే పెద్ద అనుభవం తగలాలి. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసైన బ్యాచ్‌ని ఉదాహరణగా చెప్పండి. అదే ఏడాది బడి మానేసి పనికి పోయిన పిల్లలు ఆ తరంలో ఉన్నారా అన్నది కష్టమైన ప్రశ్న. మన్‌హైమ్ దాన్నే తరంలోని విభాగాలుగా చూశాడు.

చాక్‌పీస్_ముక్క

సామాజిక అస్తిత్వానికి సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ ప్రయోగాన్ని క్లాసులోనే చేయొచ్చు. బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల బడిపిల్లల మీద చేసి 1971లో ప్రచురించాడు. అంటే మీ పిల్లల కన్నా ఏడాదో రెండేళ్లో చిన్నవాళ్లు. ఒక విడతలో తెర మీది చుక్కలు లెక్కగట్టమని, ఇంకో విడతలో క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో నచ్చినవి చెప్పమని రెండు గుంపులు చేశారు. నిజానికి గుంపుల్లో వేసింది చీటీ తీసినట్టే. గుంపులో ఇంకెవరున్నారో తెలియదు, తనకంటూ డబ్బు వేసుకునే వీల్లేదు. అయినా పంపకం దగ్గర సొంత గుంపు వైపు మొగ్గారు.

మీరు చేయాల్సింది ఇది. పిల్లలకి రెండు బొమ్మలు చూపించి నచ్చింది రాయమనండి. చీటీలు తీసుకుని, వాళ్లు ఏం రాసినా పట్టించుకోకుండా సగం మందికి ‘అ’, సగం మందికి ‘ఆ’ అని రాసి మడిచి ఇవ్వండి. ఎవరిది ఏదో పక్కవాడికి తెలియకూడదు. తర్వాత ఈ వరస బోర్డు మీద వేయండి. ముందు అంకె మన గుంపులో ఎవరో ఒకరికి, రెండోది అవతలి గుంపులో ఎవరో ఒకరికి: 7-1, 8-3, 9-5, 10-7, 11-9, 12-11, 13-13, 14-15, 15-17, 16-19, 17-21, 18-23, 19-25. ఒక్క జత ఎంచుకుని పేరు లేకుండా రాయాలి. మూడు నిమిషాలు చాలు.

మన గుంపుకి గరిష్ఠంగా రావాలంటే 19-25 ఎంచుకోవాలి. సమానం కావాలంటే 13-13. 7-1 వైపు జరిగేకొద్దీ మనకి తగ్గుతుంది, కానీ అవతలివాళ్లకి ఇంకా తగ్గుతుంది. ‘మనకెంత వచ్చింది’ కన్నా ‘వాళ్లకన్నా ఎంత ఎక్కువ’ అన్నది బరువెక్కే తీరు ఈ ఎడమ సగంలో కనబడుతుంది. బోర్డు మీద ఒక్కో జత కింద ఓట్లు గీతలు గీసి చూపించండి. ఆ తర్వాతే నిర్వచనం: ఒక గుంపుకి చెందినవాణ్నని తెలియడం, ఆ చెందడానికి మనసులో విలువ ఉండడం, ఈ రెండూ కలిసి మన గురించి మనకున్న ఊహలో ఒక భాగమవుతాయి. తాజ్‌ఫెల్, టర్నర్ 1979లో ఇచ్చిన వరస కూడా పిల్లలకి తేలిగ్గా ఎక్కుతుంది: వర్గీకరించడం, అందులో తన్ను చూసుకోవడం, పక్కదానితో పోల్చడం.

చెడేది రెండు చోట్ల. మార్కుల్ని బట్టో, ఆడపిల్లలు-మగపిల్లలు అనో గుంపులు చేస్తే ప్రయోగం పోతుంది. గుంపుకి అర్థం లేకపోవడమే ఇక్కడ కీలకం. రెండోది, అయ్యాక చీటీలు యాదృచ్ఛికంగా వేశానని అదే పీరియడ్‌లో చెప్పేయాలి. బెల్ కొట్టేసి రేపు చెబుతానంటే సాయంత్రానికి ‘అ’వాళ్లు, ‘ఆ’వాళ్లు నిజంగానే తయారవుతారు. హీరోల అభిమాన సంఘాల ఉదాహరణ ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. కానీ ప్రయోగం అయ్యాకే తీయండి, ముందు తీస్తే పీరియడ్ మీ చేతిలో ఉండదు.

నల్లబల్ల

అందరికీ థాంక్స్. ఆరు చీటీలు, 7-1 వరస రెండూ వాడుకుంటాను. పీర్లకొట్టం గారూ, మెహర్ మాట బాగా ఉపయోగపడుతుంది. కులం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. తాజ్‌ఫెల్ గుంపులకి అర్థం లేదు, కులానికి ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా దాటాలి?

పల్లెబడి

కున్, మెక్‌పార్ట్‌లాండ్ అనే సమాజశాస్త్రవేత్తలు 1954లో పెట్టిన ‘నేనెవరు?’ పరీక్షతో దాటొచ్చు మేడమ్. అసలుదానిలో 20 జవాబులు. క్లాసుకి పది చాలు, ఏడు నిమిషాలు. ‘నేను ......’ అని పది గీతలు. కాగితం ఎవరూ అడగరు, మీరూ తీసుకోరు, పక్కవాడు చూడడు, గంట కొట్టాక ఎవరిది వాళ్లు చించేసుకోవచ్చు. ఈ మాట మొదట్లోనే చెప్పండి, మధ్యలో చెబితే నమ్మరు.

రాశాక ప్రతి గీత పక్కనా గుర్తు పెట్టమనండి. గుంపు అయితే ‘గు’ (అమ్మాయి, తెలుగు, హాస్టలర్), పాత్ర అయితే ‘పా’ (అక్క, ఎన్‌సీసీ క్యాడెట్), స్వభావం అయితే ‘స్వ’ (కోపిష్ఠి). చేతులెత్తించి ‘గు’ ఎన్నో మాత్రం అడగండి, ఏవేవో అడగొద్దు. పుట్టుకతో వచ్చిన వాటికి చుక్క పెట్టమంటే మానవశాస్త్రవేత్త లింటన్ 1936లో చేసిన ఆపాదిత (పుట్టుకతో వచ్చిన), సాధిత (తాను సాధించుకున్న) అంతస్తుల తేడా కూడా అక్కడే వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. పిల్లల్ని అడగాల్సింది ‘ఏం రాశారు’ అని కాదు, ‘నిజమే అయినా ఏది రాయడం తోచలేదు?’ అని. జవాబు బయటికి చెప్పక్కర్లేదు. మీరు ఉదాహరణ మాత్రం ఇవ్వండి: విజయవాడలో ఉన్న పిల్ల ‘నేను తెలుగు’ అని రాయకపోవచ్చు. హోసూరులోనో బరంపురంలోనో ఉన్న తెలుగు పిల్ల రాస్తుంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చి, మాట యాసకి రోజూ ఎవరో నవ్వుతుంటే ‘శ్రీకాకుళం’ పదిలో మొదటిదవుతుంది. చుట్టూ అందరూ తనలాంటివాళ్లే అయితే ఆ గుంపు మనిషికి కనబడదు. పక్కవాళ్లు రోజూ గుర్తు చేస్తుంటే మర్చిపోదామన్నా కుదరదు. కులం కూడా అలాగే. ‘నాకు కులం పట్టింపు లేదు’ అని ఎవరు తేలిగ్గా అనగలరు, అద్దెకి ఇల్లు వెతికేటప్పుడు ‘మీరేవిట్లు?’ అన్న ప్రశ్న ఎవరికి భయం పుట్టిస్తుంది? ఇంతవరకు చెప్పి ఆగండి. కులాల పేర్లు బోర్డు మీదికి అక్కర్లేదు. తాజ్‌ఫెల్ గుంపుకీ కులానికీ తేడా కూడా ఇక్కడే తేలుతుంది: ‘అ’ గుంపు చీటీ చించేస్తే పోతుంది. కులం భూమి, పెళ్లి, ఇంటి అద్దె, పేరు చివరి తోక, వీటన్నిటితో ముడిపడి ఉంటుంది కాబట్టి తాను వదిలేశానన్నా పక్కవాళ్లు వదలరు.

చేయకూడనివి: కులం, మతం పేరుతో చేతులెత్తించడం, స్కాలర్‌షిప్ జాబితా ఎత్తడం, ‘మీ వాళ్లలో ఎలా చేస్తారమ్మా’ అని ఒక పిల్లని నిలబెట్టి అడగడం. మూడోది మంచి ఉద్దేశంతోనే చేస్తారు, ఫలితం మాత్రం ఆ పిల్లని ఒక గుంపు ప్రతినిధిగా ముద్ర వేయడమే.

జేఎల్_సోషియాలజీ

పరీక్ష సంగతి క్లుప్తంగా. రెండు మార్కులకి నిర్వచనం ఒక వాక్యం, అది బయట పెట్టేది ఒక వాక్యం. ‘యువత అనేది వయసు కాదు’ అని ఊరికే రాసేస్తే మార్కు పోతుంది. వయసు హద్దు ఎవరు, ఎందుకు పెట్టారో రాసి, తర్వాత ‘కానీ’ అనాలి. ఆరు మార్కులకి ఒక్క ఉదాహరణనే మూడు పార్శ్వాల్లో తిప్పితే, మూడు ఉదాహరణలు తలా ఒక వాక్యం రాసినదానికన్నా బాగా వస్తుంది.

ప్రాజెక్టు 20 మార్కులు. ‘యువత మీద సోషల్ మీడియా ప్రభావం’ మాత్రం వద్దనండి, అందరూ అదే తెస్తారు, అందరిదీ ఒకేలా ఉంటుంది. మండపం కమిటీలో ఎవరున్నారు, ఒక కుటుంబంలో మూడు తరాల పెళ్లి ఫొటోల్లో ఏం మారింది, ఇలా చేత్తో లెక్కపెట్టగలిగేవి ఇవ్వండి. హైదరాబాద్ చుట్టుపక్కల పిల్లలైతే మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే శామీర్‌పేట మీద చేసి 1955లో ప్రచురించిన అధ్యయనాన్ని పక్కన పెట్టుకుని, ఇప్పుడు ఒక్క పండుగ ఎలా జరుగుతోందో చూసి రావచ్చు. ఇంటర్వ్యూ చేసినవాళ్ల పేర్లు మార్చి రాయమని ముందే చెప్పండి.

మూడోబెంచీ

నల్లబల్ల గారూ, పీరియడ్ల వరస: మొదటిది తుమ్ము, పెళ్లి గళ్లు. రెండోది ఆరు చీటీలు. మూడోది 7-1 వరస, నిజం చెప్పడానికి చివరి పన్నెండు నిమిషాలు ఖాళీ ఉంచుకుని. నాలుగోది ‘నేనెవరు’. రెండూ మూడూ తారుమారు చేయొద్దు. గుంపుల ఆట అయిన మర్నాడు జట్లుగా కూర్చోబెడితే పాత ‘అ’, ‘ఆ’ అక్కడ దూరతాయి.

ఆరు చీటీలు జిరాక్స్ తీసేటప్పుడు వయసుని పై గీతలో, మిగతాది కింద వేసి, పై గీత వెనక్కి మడిచి ఇవ్వండి. ముందు వయసు చూడకుండా ఔను, కాదు రాయాలి. తర్వాత మడత విప్పి, మార్చుకోవాలనిపిస్తే వేరే రంగు పెన్నుతో మార్చాలి. రంగు మారిన జవాబులు ఎన్నో లెక్కపెడితే వయసు బరువు ఎంతో మీ క్లాసే చెబుతుంది.